షెడ్డు చుట్టూ వీడ్ మ్యాట్: రెండు వైపులు పాస్, రెండు వైపులు ఫెయిల్

మొత్తం చదివే ఓపిక లేనివాళ్ల కోసం ముందే చెప్పేస్తాను: వీడ్ మ్యాట్‌కి నా లెక్కలో ఐదుకి మూడున్నర స్టార్లు. కలుపు లేవకుండా నేల మీద పరిచి, పైన కంకర పోసుకునే గుడ్డ ఇది. వస్తువు మంచిదే. కానీ అమ్మేవాళ్లు చెప్పే "ఒకసారి పరిచెయ్యండి, ఇక కలుపు సంగతే మర్చిపోండి" అన్న మాట సగమే నిజం. ఆ మాట నమ్మి నేను పరిచి మర్చిపోయిన రెండు వైపులా ఈరోజు గరిక మ్యాట్‌ని కుట్టేసి కూర్చుంది. ఒళ్లు వంచి ముందు పని చేసుకున్న రెండు వైపులా మాత్రం రెండు వానాకాలాలు దాటినా కంకర కంకరలాగే ఉంది. ఒకే రోల్, ఒకే కంకర, ఒకే షెడ్డు. తేడా ఎక్కడ వచ్చిందో చెప్పడానికే ఇంత పొడుగు రివ్యూ.

మా తోటలో ఓ మూల సామాన్ల షెడ్డు ఉంది. 3 మీటర్ల వెడల్పు, 4 మీటర్ల పొడవు. కింద పొట్టి ఇటుక దిమ్మ, దాని మీద చెక్క గోడలు, పైన రేకు. వెనక ఒక మీటరున్నర సందు వదిలి కోళ్ల గూడు. తోటలో మిగతా చోట గడ్డి కోసే మిషన్ తోసుకుంటూ పోతే అరగంటలో పని అయిపోతుంది. షెడ్డు దగ్గరికి వచ్చేసరికి దాని చక్రాలు గోడకి జానెడు దూరంలో ఆగిపోతాయి. ఆ జానెడే అసలు గొడవంతా. పైగా రేకు చూరు నుంచి కారే నీళ్లు సరిగ్గా గోడ పక్కనే గీత గీసినట్టు పడతాయి కదా, అంటే తోట మొత్తంలో గడ్డికి పుష్కలంగా నీళ్లు అందే చోటు అదే అన్నమాట. మిగతా తోటంతా ఎండి పసుపురంగుకి తిరిగిన రోజుల్లో కూడా షెడ్డు చుట్టూ మాత్రం మోకాలెత్తు పచ్చగా.

చూడ్డానికి బాగోకపోవడం చిన్న విషయం. గోడకి ఆనుకుని పెరిగిన గడ్డి చెక్కని ఆరనివ్వదు. వాన వెలిసి రెండు రోజులైనా గోడ కింది భాగం చల్లగా, తడిగానే ఉంటుంది. నా షెడ్డులో వెనక వైపు కింది పలకని ఓరోజు వేలితో నొక్కితే వేలు లోపలికి దిగింది, అప్పుడు గాని నాకు బుద్ధి రాలేదు. ఎలుకలకి ఆ గడ్డి దాక్కోవడానికి దారి, ఎలుకలున్న చోటికి వాటి కోసం పాము వస్తుంది, పక్కన కోళ్లు కూడా ఉన్నాయంటే ఇక చెప్పక్కర్లేదు. ఎండాకాలంలో అదే గడ్డి ఎండి నిలబడుతుంది, గోడకి ఇవతల ఎండుగడ్డి, అవతల లోపల పెట్రోలు క్యాన్. తల్చుకుంటేనే టెన్షన్.

మ్యాట్ కొనకముందు నేను చేసింది అందరూ చేసేదే. నైలాన్ తీగ తిరిగే ట్రిమ్మర్‌తో గోడ పక్కన కోయడం. ఆ యంత్రం మీద నాకు కోపమేమీ లేదు, చాలా తెలివైన వస్తువది. 1971లో అమెరికాలోని హ్యూస్టన్‌లో జార్జ్ బల్లాస్ అనే ఆయనకి కార్ వాష్‌లో తిరిగే బ్రష్షులు చూస్తుంటే ఈ ఆలోచన వచ్చిందట, కారుకి గీత పడకుండా మూలమూలలా మురికి తీస్తున్నాయి కదా, చెట్ల మొదట్లో గడ్డిని కూడా ఇలాగే తీయొచ్చు కదా అని, ఓ ఖాళీ డబ్బాకి చిల్లులు పెట్టి, గేలపు తీగ దూర్చి, తిప్పి చూశాడు. అంతే. ఇప్పటికీ ఈ మిషన్ల సూత్రం అదే. కాకపోతే కారుకి గీత పడకపోవచ్చు గానీ నా షెడ్డు చెక్కకి మాత్రం బాగానే పడింది. 2 మిల్లీమీటర్ల తీగ ఆ వేగంలో తగిలితే పెయింటు లేస్తుంది, ఇంకా తగిలితే చెక్క పీచు లేస్తుంది. పెయింటు లేచిన చోట నీళ్లు దిగుతాయి. అంటే చెక్కని గడ్డి నుంచి కాపాడ్డానికి నేనే చెక్కని చెక్కుతున్నాను. పైగా ట్రిమ్మర్ పైపైన కోస్తుందే తప్ప వేరు జోలికి వెళ్లదు, వానాకాలంలో పది రోజులకి మళ్లీ మొదలు.

అందుకని ఆలోచన మార్చాను: గోడ పక్కన గడ్డిని కోయడం కాదు, అసలు గోడ పక్కన గడ్డే లేకుండా చుట్టూ 60 సెంటీమీటర్ల పట్టీ ఒకటి చేసుకుని, దాని మీద కంకర పోసేస్తే మిషన్ చక్రం ఆ పట్టీ అంచు దాకా వచ్చి ఆగుతుంది, గోడకి ఏదీ తగలదు. మ్యాట్ ఆ కంకర కింద పరవడానికి.

ఇక వస్తువు గురించి. వీడ్ మ్యాట్ అనే పేరుతో రెండు రకాలు అమ్ముతారు. ఒకటి నేసిన రకం, పాలీప్రొపిలిన్ అనే ప్లాస్టిక్‌తో చేసిన చదునైన పట్టీలని గోనెపట్టాలాగా అల్లి ఉంటుంది. రెండోది నేయని రకం, చేతికి దళసరి టిష్యూ పేపర్‌లా, ఫెల్ట్ గుడ్డలా తగులుతుంది. పల్చటి ఫెల్ట్ రకం కంకర కిందకి పనికిరాదు, కంకర మీద నడిస్తేనే చిల్లు పడుతుంది. నేను తీసుకున్నది నేసినదే, నలుపు, మీటరు వెడల్పు, 20 మీటర్ల రోల్, మధ్యమధ్యలో ఆకుపచ్చ గీతలు. ఆ గీతలు అందానికి అనుకున్నాను, కాదు, కత్తిరించేటప్పుడు వంకర పోకుండా అవే స్కేలు.

రోల్ మీద 100 జీఎస్ఎమ్ అని ఉంది. అంటే చదరపు మీటరు గుడ్డ 100 గ్రాములు తూగాలి. నాకు ఇలాంటివి పరీక్షించి చూడకపోతే నిద్రపట్టదు. 50 సెంటీమీటర్లు బై 50 సెంటీమీటర్ల ముక్క సరిగ్గా కొలిచి కత్తిరించి వంటింటి తూకం మీద పెట్టాను. అది చదరపు మీటరులో నాలుగో వంతు కాబట్టి 25 గ్రాములు రావాలి. 22 వచ్చింది. అంటే 88 జీఎస్ఎమ్. మోసం అని గోల చేసేంత తేడా కాకపోవచ్చు గానీ, అర స్టారు మాత్రం అక్కడే పోయింది. మీరు కొంటే ఈ పరీక్ష రోల్ తిప్పి పంపించే గడువు లోపలే చెయ్యండి, నాలాగ సగం రోల్ పరిచాక కాదు.

రెండో పరీక్ష నీళ్లు. ఒక ముక్కని బకెట్ మీద బిగించి చెంబుడు నీళ్లు పోస్తే మొదట తామరాకు మీద నీళ్లలా బొట్లు బొట్లుగా దొర్లాయి, కాసేపటికి అల్లిక సందుల్లోంచి నెమ్మదిగా దిగడం మొదలైంది. కొత్తలో అలాగే ఉంటుంది, ఒకట్రెండు వానలు పడ్డాక నీళ్లు బాగానే దిగుతున్నాయి. నల్ల ప్లాస్టిక్ షీటుకీ దీనికీ తేడా ఇదే. ప్లాస్టిక్ షీటు అయితే చూరు నీళ్లన్నీ దాని మీదే నిలిచి గోడ వైపుకే తిరిగేవి.

ఇప్పుడు అసలు విషయం. పని మొదలుపెట్టేటప్పుడు మా నాన్న వచ్చి చూసి, "ముందు తవ్వు, తర్వాత కప్పు. తవ్వకుండా కప్పితే దానికి దుప్పటి కప్పినట్టేరా, లోపల హాయిగా పడుకుంటుంది" అన్నారు. నాకు నవ్వొచ్చింది. వెలుతురు లేకపోతే మొక్క చస్తుంది, ఇది స్కూల్లో చదువుకున్నదే కదా. అయినా ఆయన మాట కాదనలేక ముందు వైపు, ఎడమ వైపు తవ్వాను. ఆ రెండు వైపులు అయ్యేసరికి నడుం పట్టేసింది. వెనక, కుడి వైపు గడ్డిని ట్రిమ్మర్‌తో నేలమట్టంగా కోసి ఊరుకున్నాను. ప్రయోగం చేద్దామని కాదు, ఉత్త బద్ధకం. కానీ రెండేళ్ల తర్వాత చూస్తే అంతకంటే మంచి ప్రయోగం లేదు.

తవ్వడం అంటే ఏం చేశానో చెప్తాను, ఎందుకంటే కథంతా ఇక్కడే ఉంది. రెండు రోజుల ముందు నుంచి నీళ్లు పెట్టి నేల నానబెట్టాను. గునపంతో పెళ్లగించి, మట్టిని చేత్తో విదిలించి వేళ్లు ఏరాను. మా షెడ్డు చుట్టూ ఉన్నవాటిలో మొండివి రెండే, గరికా, తుంగా. తక్కినవన్నీ, వయ్యారిభామ, ఉత్తరేణి, గడ్డి చామంతి, పీకితే వచ్చేస్తాయి (వయ్యారిభామని మాత్రం గ్లవ్స్ లేకుండా ముట్టుకోకండి, చాలామందికి చర్మం దద్దుర్లు లేస్తుంది, పూత రాకముందే పీకండి, ఒక్క మొక్కే వేలల్లో విత్తనాలు రాలుస్తుంది).

తుంగని చాలామంది గడ్డే అనుకుంటారు. కాండాన్ని రెండు వేళ్ల మధ్య పెట్టి దొర్లించి చూడండి, గుండ్రంగా దొర్లదు, మూడు అంచులు తగులుతాయి. అసలు గడ్డి కుటుంబమే కాదు అది. దాన్ని పీకితే ఎంత తేలిగ్గా వస్తుందంటే మనం గెలిచామనుకుంటాం. నిజానికి పైన మొక్క తెగి మన చేతికొచ్చింది, కింద గడ్డ అక్కడే ఉంది. నేను ఒక మొక్క దగ్గర కూర్చుని చాకుతో మట్టి తప్పిస్తూ పోయాను. మొదట కుంకుడు గింజంత నల్ల గడ్డ. దాని నుంచి సన్నటి ఇనుప తీగలాంటి వేరు పక్కకి పోయి ఇంకో గడ్డ, అక్కణ్ణుంచి ఇంకో తీగ, ఇంకో గడ్డ. దండలో పూసల్లాగా ఆ ఒక్క మొక్క వెనకాలే పదకొండు గడ్డలు తేలాయి. గోరుతో గీరితే లోపల తెల్లగా, గట్టిగా ఉంది, చచ్చే లక్షణం ఏ కోశానా లేదు. కొన్ని గడ్డలు ఏళ్ల తరబడి మొలవకుండా నిద్రపోయి, తల్లి మొక్క పోయాక మేలుకుంటాయి. గరిక ఇంకో రకం, నేల పైన పాకే తీగా ఉంది, నేల లోపల పాకే తీగా ఉంది, కణుపున్న ముక్క ఒక్కటి మిగిలినా మళ్లీ చిగురేస్తుంది. అందుకే గరిక ఉన్న చోట రోటావేటర్ లాంటి యంత్రంతో దున్నకండి, ఒక మొక్కని వంద ముక్కలు చేసి నాటినట్టే.

తవ్వి చదును చేశాక వెంటనే మ్యాట్ వెయ్యలేదు. మళ్లీ నీళ్లు చల్లి మూడు వారాలు ఆగాను. మిగిలిన గడ్డలు, ముక్కలు, మట్టిలోని విత్తనాలు అన్నీ "అమ్మయ్య, గొడవ సద్దుమణిగింది" అనుకుని పైకి వచ్చాయి. మళ్లీ తవ్వి ఏరాను. రెండోసారి పని మొదటిదాంట్లో పావు వంతు కూడా లేదు, కానీ నా ఉద్దేశంలో ఎక్కువ ఫలితం ఇచ్చింది ఈ రెండోసారే.

పరవడం తేలికే. కత్తెరతో కోస్తే అంచు పట్టీలు ఒక్కొక్కటీ ఊడిపోతుంటాయి, పాత చాకుని స్టవ్ మీద వేడి చేసి కోస్తే అంచు కరిగి అతుక్కుంటుంది (కిటికీలు తీసి చెయ్యండి, ఆ పొగ మంచిది కాదు). మూలల్లో, అతుకుల దగ్గర ముక్క మీద ముక్క కనీసం 15 సెంటీమీటర్లు పడాలి. నేను ఒకచోట పొదుపు చేసి 5 సెంటీమీటర్లే పెట్టాను, మొదట గరిక తల పైకెత్తింది సరిగ్గా అక్కడే. యూ ఆకారం పిన్నులు 15 సెంటీమీటర్ల పొడవువి తీసుకోండి, మెత్తటి నేలలో పొట్టి పిన్నులు గాలికే లేచిపోతాయి. కానీ పిన్ను కొట్టిన ప్రతిచోటా రెండు చిల్లులు పడతాయని గుర్తుంచుకోండి, పదేసి సెంటీమీటర్లకి ఒకటి కొట్టేసి గట్టిగా ఉందని మురిసిపోవద్దు. ఎలాగూ పైన కంకర బరువు పడుతుంది.

కంకర లెక్క నేను మొదట తప్పేశాను. షెడ్డు 3 బై 4, చుట్టూ 60 సెంటీమీటర్లు కలిపితే బయటి కొలత 4.2 బై 5.2, లోపల షెడ్డు తీసేస్తే దాదాపు 10 చదరపు మీటర్లు. 7 సెంటీమీటర్ల మందం పొయ్యాలంటే ముప్పావు ఘనపు మీటరు కంటే కాస్త తక్కువ, బరువు చూస్తే టన్ను పైనే. కాగితం మీద అది ఒక చిన్న అంకె. తట్టల్లో మోస్తే యాభైకి పైగా తిరిగాను. 20 మిల్లీమీటర్ల కంకర వేశాను, అంతకంటే సన్నది అయితే కోళ్లు చిమ్మి గడ్డిలోకి పడేస్తాయి, ఆ గడ్డిలో మిషన్ తిప్పితే రాళ్లు ఎగిరి కాళ్లకి తగులుతాయి. క్రషర్ దుమ్ము కలిసిన కంకర మాత్రం వద్దు, ఆ దుమ్మే పైన మట్టిగా మారి కలుపుకి పరుపు అవుతుంది. కడిగిన కంకర దొరక్కపోతే పోసే ముందు పైపుతో ఒకసారి కడగండి.

ఇక్కడ నా సొంత తెలివి ఒకటి చూపించాను, దాని ఫలితం కూడా చెప్పాలి. గోడకీ మ్యాట్‌కీ మధ్య సందు ఉంటే అక్కడ మొలుస్తుంది కదా అని, మ్యాట్ అంచుని చెక్క గోడ మీదకి బెత్తెడు ఎత్తు మడిచి మేకులు కొట్టేశాను. చూడ్డానికి చాలా నీట్‌గా వచ్చింది, ఫోటోలు కూడా తీసుకున్నాను. మొదటి వానాకాలం మధ్యలో విప్పి చూస్తే గోడ మీద జారిన నీళ్లు ఆ మడత వెనక్కి పోయి, ఆరే దారిలేక, చెక్క మీద నల్లటి బూజు. గడ్డి వల్ల ఎంత తడి ఉండేదో అంతకంటే ఎక్కువ తడి నేనే తయారు చేశాను. మ్యాట్ ఇటుక దిమ్మ దాకా వచ్చి ఆగిపోవాలి. చెక్క కింది అంచుకీ కంకర పై మట్టానికీ మధ్య 15 సెంటీమీటర్ల ఖాళీ ఉంటే మంచిది, ఆ ఖాళీలో ఇటుక కనిపిస్తూ ఉంటే చెదలు మట్టి గీతలు పెడుతున్నా కంటికి కనబడుతుంది. దిమ్మని ఆనుకుని సన్నటి సందులో ఎప్పుడైనా ఒకటి మొలిస్తే కెటిల్‌లో మరిగించిన నీళ్లు పోస్తాను, లేత మొలకకి అది చాలు.

మొదటి ఏడాది నాలుగు వైపులూ ఒకేలా ఉన్నాయి. నిజంగా. వచ్చినవాళ్లందరికీ చూపించి, నాన్నకి వినపడేలా "తవ్వకపోయినా ఏం కాలేదు చూశారా" అని కూడా అన్నాను. నేను ఊహించని లాభం ఒకటి అప్పుడే తెలిసింది, చూరు నీళ్లు ఇంతకుముందు మట్టిలో పడి గోడకి ఎర్రగా చిమ్మేవి, కంకర మీద పడితే ఆ చిమ్మడం ఆగిపోయింది. గోడ కింది భాగం ఇప్పుడు కడిగినట్టుంటుంది. ఈ ఒక్కదానికే కంకర పట్టీ వేసుకోవచ్చు.

రెండో ఏడాది వానలకి తేడా బయటపడింది. వెనక వైపు కంకర మధ్యలో సూదుల్లాంటి తుంగ మొనలు. దాని మొలక మొన చాలా గట్టిది, పల్చటి ప్లాస్టిక్ మల్చింగ్ షీటునైతే పొడుచుకుని వచ్చేస్తుంది. ఈ నేసిన మ్యాట్‌ని పొడవలేదు గానీ అల్లికలో రెండు పట్టీల మధ్య సందు వెతుక్కుని ఒదిగి వచ్చింది. గరిక ఇంకా జాణ. కింద చీకట్లో పాకుతూ పాకుతూ అతుకు దగ్గరికో పిన్ను చిల్లు దగ్గరికో వచ్చి తల బయటపెట్టి, అక్కణ్ణుంచి కంకర మీద రెండు వైపులా తీగ సాగించి, ప్రతి కణుపు దగ్గరా వేరుని మళ్లీ మ్యాట్‌లోకి దింపింది. కుట్టుమిషన్ కుట్టినట్టు, పైనుంచి కిందకి, కింద నుంచి పైకి. పీకితే గరిక ఒక్కటే రాదు, మ్యాట్ కూడా దాంతోపాటు లేచి, పైనున్న కంకరంతా పక్కకి జారుతుంది. మామూలు నేలలో ఉన్న గరికని గునపంతో తీయొచ్చు. మ్యాట్‌లో అల్లుకున్న గరికని తీయాలంటే మ్యాట్‌నే కొయ్యాలి. అందుకే అంటున్నాను, మొండి కలుపు ఉన్న నేలలో తవ్వకుండా మ్యాట్ వెయ్యడం కంటే ఏమీ వెయ్యకపోవడమే నయం.

వెనక వైపు ఒక ముక్క కోసి ఎత్తి చూశాను. కింద మట్టి గట్టిగా అణిగిపోయి, నున్నగా, పాలిపోయి ఉంది, వానపాము ఒక్కటి లేదు. చీమలు గుడ్లతో సహా కాపురం పెట్టాయి. మట్టి మీద తెల్లటి గరిక తీగలు, వెలుతురు లేక పాలిపోయి, జడల్లాగా పరుచుకుని ఉన్నాయి. నాన్న చెప్పిన దుప్పటి గుర్తొచ్చింది. ఆయన చూశారు గానీ ఏమీ అనలేదు, అదే ఎక్కువ బాధనిపించింది.

తవ్విన రెండు వైపులా ఏమీ మొలవలేదని కాదు. ఆకులు, దుమ్ము, కోళ్లు చిమ్మిన మట్టి కంకర మధ్యలో చేరి పలచటి పొర తయారవుతుంది, గడ్డి చామంతి విత్తనాలు గాల్లో తేలి వచ్చి దాంట్లో మొలుస్తాయి. ఇవి కింద నుంచి వచ్చినవి కావు, పైనుంచి పడ్డవి. ఏ మ్యాట్ అయినా వీటిని ఆపలేదు. కానీ వేరు పైపైనే ఉంటుంది కాబట్టి రెండు వేళ్లతో తీస్తే వచ్చేస్తాయి, నెలకి ఓసారి టీ తాగుతూ చుట్టూ ఒక రౌండు కొడితే సరిపోతోంది. ఎండుటాకులు అక్కడ కుళ్లకుండా ఊడ్చేస్తే ఆ పని కూడా సగమవుతుంది. బయటి అంచు దగ్గర మాత్రం రెండు మూడు నెలలకోసారి పారతో 10, 15 సెంటీమీటర్ల లోతు నిలువుగా గాడి కొట్టాలి, లేకపోతే తోటలోని గరిక పక్కదారిలో కంకర మీదకి పాకుతుంది. గాడి కనబడుతూ ఉంటే అది దాటడానికి వచ్చిన తీగ కూడా కనబడుతుంది, పట్టి తెంపెయ్యొచ్చు.

ఇంకో ముచ్చట, ట్రిమ్మర్ వాడేవాళ్ల కోసం. ఎండకి మ్యాట్ అంచు ఒకచోట కంకర లోంచి బయటికి తేలింది, నేను చూసుకోకుండా ట్రిమ్మర్ పోనిచ్చాను. ఒక్క సెకనులో నైలాన్ తీగ ఆ అంచుని పట్టుకుని మ్యాట్ పట్టీలని లాక్కుని తల చుట్టూ చుట్టేసుకుంది, మిషన్ మూలిగి ఆగిపోయింది. బ్యాటరీ తీసి పక్కన పెట్టి, నల్లటి పట్టీలని చాకుతో ఒక్కొక్కటీ కోసి తీయడానికి ముప్పావుగంట పట్టింది. అరమీటరు మేర మ్యాట్ పోగులు పోగులైంది. ఎండ తగిలిన ఆ ముక్కని వేళ్లతో నలిపితే పొడిపొడిగా రాలింది కూడా. ఐదేళ్లు ఎండకి తట్టుకుంటుందని రోల్ మీద రాశారు, నా దగ్గర రెండో ఎండాకాలానికే ఈ గతి. కంకర కింద కప్పి ఉన్న చోట మాత్రం కొత్తదానిలాగే ఉంది. కాబట్టి బయటపెట్టి వాడే ఆలోచన ఉంటే మానుకోండి, ఆ పొడంతా ప్లాస్టిక్కే, మట్టిలోకే పోతుంది. ఇంకో అర స్టారు ఇక్కడ పోయింది. మిగతా అర స్టారు ఆ "మర్చిపోండి" అన్న మాటకి.

ఇన్ని బాధలెందుకు, మందు కొట్టెయ్యొచ్చు కదా అని అడిగేవాళ్లు ఉంటారు, నాకూ చాలామంది చెప్పారు. గ్లైఫోసేట్ అనే కలుపు మందు పచ్చటి ఆకు ద్వారా లోపలికి వెళ్లి వేరు దాకా దిగుతుంది, గరిక మీద బాగానే పనిచేస్తుంది కూడా. మట్టి రేణువులకి అతుక్కుంటే దాని పని ఆగిపోతుంది, అందుకే బురద నీళ్లలో కలిపి కొట్టినా, దుమ్ము పట్టిన ఆకుల మీద కొట్టినా ఫలితం అంతంతమాత్రం. ప్రపంచ ఆరోగ్య సంస్థకి చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 2015లో దాన్ని "బహుశా క్యాన్సర్ కలిగించేది" అన్న వర్గంలో పెట్టింది, అమెరికా పర్యావరణ సంస్థ అలా కాదంది, ఆ వాదన ఇంకా తెగలేదు. నాకు ఆ వాదనలో తీర్పు చెప్పే చదువు లేదు. మీటరున్నర దూరంలో కోళ్లు తిరిగే చోట అది కొట్టడం నాకు ఇష్టం లేదు, అంతే. ఉప్పు చల్లమన్నవాళ్లూ ఉన్నారు. షెడ్డు పక్కన ఉప్పా? రేకులూ, మేకులూ, గొళ్లేలూ తుప్పు పట్టడానికి వేరే కారణమే అక్కర్లేదు, వాన నీటితో అది తోటలోకి పోతే మంచి మొక్కలు కూడా మాడతాయి. వెనిగర్ ఆకులని మాడుస్తుంది, వేరుని ఏమీ చెయ్యదు, వారానికి మళ్లీ చిగురు. గ్యాస్ మంటతో కాల్చే పరికరం చెక్క షెడ్డు పక్కన వాడాలనుకునేవాళ్లకి నేను చెప్పగలిగేది ఏమీ లేదు. చెక్క పొట్టు మల్చింగ్ మంచిదే గానీ చెక్క గోడకి ఆనించి వేస్తే చెదలని పిలిచి విస్తరి వేసినట్టు.

తవ్వే ఓపిక అస్సలు లేనివాళ్లకి ఒక దారి ఉంది, మండే ఎండలు ఉన్నప్పుడు నేలని తడిపి, పారదర్శకమైన ప్లాస్టిక్ షీటు బిగుతుగా పరిచి, అంచులు మట్టితో పూడ్చి నాలుగు నుంచి ఆరు వారాలు వదిలేస్తే కింద విత్తనాలూ లేత వేళ్లూ ఉడికిపోతాయి. నల్లది కాదు, పారదర్శకమైనదే. కానీ లోతుగా ఉన్న తుంగ గడ్డలకి ఆ వేడి సరిగా అందదు, పైగా షెడ్డు నీడ పడే వైపు ఈ పద్ధతి దండగ, మా వెనక వైపు అలాంటిదే.

ఎవరు కొనాలి అంటే: షెడ్డు, గోడ, ట్యాంకు దిమ్మ, బాట, ఇలా మొక్కలు పెంచే ఉద్దేశం లేని చోట, పైన కంకర పోసేవాళ్లు కొనొచ్చు. కంకరా మట్టీ కలిసిపోకుండా వేరుగా ఉంచే పని అది బాగా చేస్తుంది, నిజం చెప్పాలంటే కలుపు ఆపడం కంటే ఆ పనే బాగా చేస్తుంది. పూలమొక్కల పాదుల్లో, చెట్ల మొదళ్లలో మాత్రం వద్దు, కొన్నాళ్లకి మంచి మొక్కల వేళ్లు కూడా దాంట్లో అల్లుకుంటాయి, అప్పుడు అటు తీయలేం, ఇటు ఉంచలేం.

వెనక వైపు, కుడి వైపు మ్యాట్ మొత్తం లేపి మళ్లీ మొదటి నుంచి చెయ్యాలని నిర్ణయించుకున్నాను. కంకర తీసి, జల్లించి, కుప్ప పోసే పని అప్పుడే మొదలైంది, కుడి వైపు సగం అయింది. మొత్తం ఏరిన తుంగ గడ్డలని ఎండబెట్టి కాల్చడానికి పాత రేకు డబ్బాలో వేస్తున్నాను, కంపోస్టులో మాత్రం వెయ్యడం లేదు. రోల్‌లో మిగిలిన మూడు మీటర్లు ఆ రెండు వైపులకీ చాలవు కాబట్టి ఇంకో రోల్ కావాలి, ఈసారి తూకం వేశాకే విప్పుతాను. ముందు గునపం పని మాత్రం నాన్న నన్ను చెయ్యనివ్వట్లేదు, నేను వేళ్లు మధ్యలో తెంపేస్తున్నానట.